కమాండ్ లైన్ నుంచి చిత్రాల ఫైళ్లను డేటాబేస్‌లో భద్రపరిచే విధానం

శ్రీకాళహస్తి కలంకారీ నమూనాల స్కాన్ చిత్రాలను తిరుపతిలో మా ఇంట్లోని కంప్యూటరులో ఒకే ఎస్‌క్యూలైట్ (మొత్తం సమాచారాన్ని ఒకే ఫైలులో దాచే డేటాబేస్ ప్రోగ్రామ్) డేటాబేస్‌లోకి ఎక్కించినప్పుడు, ఒక నెమలి నమూనా దగ్గర పేరు మాత్రమే చేరి బొమ్మ చేరలేదు. ఫైలు పేరులో ఒక అక్షరం తప్పు కొట్టాను. ఎర్రర్ ఏదీ కనబడలేదు. కలంతో రోజుల తరబడి గీసిన బొమ్మ అలా పోకూడదు కనుక, ఎక్కించడంతో పాటు సరిచూసుకోవడం కూడా వివరిస్తున్నాను.

టేబుల్‌లో పేరుకు టెక్స్ట్, చిత్రానికి బ్లాబ్ (ఫైలులోని బైట్లను ఉన్నవి ఉన్నట్టే దాచే) రకం కాలమ్‌లు పెట్టి, రెండింటికీ నాట్ నల్ (ఖాళీగా వదలకూడదనే) షరతు తప్పక చేర్చాలి. చిత్రాలున్న ఫోల్డరులోకి వెళ్లి అక్కడి నుంచే ఎస్‌క్యూలైట్ షెల్ (కమాండ్లు టైప్ చేసే తెర) తెరిచి, ఇన్సర్ట్ స్టేట్‌మెంట్‌లో వాల్యూస్ దగ్గర మొదట పేరును, తరువాత రీడ్‌ఫైల్ ఫంక్షన్‌ను రాసి, దాని బ్రాకెట్లలో సింగిల్ కోట్స్ మధ్య ఫైలు పేరు ఇవ్వాలి. ఫైలు దొరకకపోతే రీడ్‌ఫైల్ నల్, అంటే విలువ ఏదీ లేదనే గుర్తు, ఇస్తుంది. షరతు లేని కాలమ్ ఆ నల్‌ను చప్పుడు లేకుండా పుచ్చుకుంటుంది, షరతు ఉన్నది అక్కడే తిప్పికొడుతుంది.

ఎక్కించాక చిత్రం కాలమ్‌ను నేరుగా సెలెక్ట్ చేస్తే తెర మీద అర్థం లేని గుర్తులు పడతాయి. లెంగ్త్ ఫంక్షన్‌తో బైట్ల సంఖ్య తెప్పించుకొని ఎల్ఎస్ కమాండ్‌ను హైఫన్ ఎల్ (-l) చేర్చి నడిపితే చూపే ఫైలు పరిమాణంతో పోల్చాలి. పరిమాణం సరిపోయినా నేను అక్కడ ఆగను. రైట్‌ఫైల్ ఫంక్షన్‌తో ఆ చిత్రాన్ని వేరే పేరున బయటికి రాయించి, అసలు ఫైలునూ దానినీ రెండు ఫైళ్లను పోల్చే సీఎంపీ కమాండ్‌కు ఇస్తాను. అది ఏమీ పలకకుండా ప్రాంప్ట్ తిరిగి వస్తే రెండూ బైటు బైటుకూ ఒకటే.

సర్వర్ మీద నడిచే మరో డేటాబేస్ మై ఎస్‌క్యూఎల్‌లో ఫైలును చదివే ఈ పనిని లోడ్ ఫైల్ ఫంక్షన్ చేస్తుంది. అది మన కంప్యూటరులోని ఫైలును కాక సర్వర్‌లోని ఫైలును చదువుతుంది, అనుమతి లేకపోయినా నల్లే ఇస్తుంది. అక్కడ బ్లాబ్ రకంలో 65,535 బైట్లే పడతాయి కాబట్టి స్కాన్ చిత్రాలకు మీడియం బ్లాబ్ ఎంచుకోవాలి. ఎస్‌క్యూలైట్‌లో మామూలుగా ఒక్కో బ్లాబ్‌కు 100 కోట్ల బైట్ల వరకు చోటుంది.

తప్పుగా ఎక్కిన చిత్రాలను డిలీట్ చేసినంత మాత్రాన డేటాబేస్ ఫైలు పరిమాణం సాధారణంగా తగ్గదు. ఆ చోటు డిస్కుకు తిరిగి రావాలంటే వాక్యూమ్ కమాండ్ నడపాలి.