మథుర ఏనుగుల కేంద్రంలో వాలంటీరు పని: వెళ్లేముందు తెలుసుకోవాల్సినవి

ఆగ్రా, మథురల మధ్య చుర్మురా గ్రామం దగ్గర వైల్డ్‌లైఫ్ ఎస్‌ఓఎస్ సంస్థ 2010లో ఏనుగుల సంరక్షణ కేంద్రం పెట్టింది. 2018లో ఏనుగుల ఆసుపత్రి కూడా వచ్చింది. ఇక్కడున్నవి సర్కసుల నుంచి, ఊరేగింపుల నుంచి, వీధుల్లో బిచ్చమెత్తించేవాళ్ల నుంచి విడిపించి తెచ్చిన ఏనుగులు. ఇలాంటి చోట వాలంటీరు పనంటే ముప్పాతిక వంతు మేత, లద్దె. ఏనుగెక్కిస్తాం, దగ్గరుండి స్నానం చేయిస్తాం అని పిలిచే చోటు ఏ దేశంలో ఉన్నా దాన్ని శరణాలయం అనుకోకండి. కొట్టి లొంగదీయందే ఏనుగు మనిషిని వీపున మోయదు.

ముందుగా రాసి అనుమతి తీసుకోండి. బయలుదేరేముందు టీబీ పరీక్ష చేయించుకోవడం మంచిది. మనుషుల టీబీ ఏనుగులకూ, వాటిది మనకూ అంటుతుంది. దగ్గు ఉంటే ప్రయాణం వాయిదా వేయండి. ధనుర్వాతం టీకా తప్పనిసరి అనుకోండి, తుప్పు మేకులతో పని. హైదరాబాద్ నుంచైతే తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఆగ్రా కంటోన్మెంట్‌లో దిగవచ్చు. డిసెంబరు, జనవరిల్లో పొగమంచుకు రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి, ఒక రోజు చేతిలో ఉంచుకోండి. మన చలికి కొన్న స్వెట్టరు అక్కడ చాలదు. మే, జూన్‌లలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది.

పొద్దున్నే లద్దె ఎత్తాలి. పెద్ద ఏనుగు రోజుకు 150 కిలోలకు పైగా మేస్తుంది, అందులో సగం కూడా అరగదు. అందుకే ఒక్క ఏనుగుకే తట్టలకు తట్టలు. ఎత్తేటప్పుడు కళ్లు తెరిచి చూడండి. లద్దెలో పొడవాటి పీచు అలాగే కనిపిస్తే దవడ పళ్లు అరిగాయని అనుమానించాలి. ఏనుగుకు జీవితంలో ఆరు విడతలు పళ్లొస్తాయి, ఆఖరివి అరిగిపోతే నమలలేదు. జిగురు పడినా, పల్చబడినా, రాత్రంతా లద్దె వేయకపోయినా వెంటనే కీపరుకు (ఆ ఏనుగును చూసుకునే మనిషికి) చెప్పండి. కడుపునొప్పికి మొదటి గుర్తు అదే కావచ్చు. ఊడ్చేటప్పుడు మేకులు, తీగ ముక్కలు, పదునైన రాళ్లు ఏరేయండి. ఏళ్ల తరబడి గొలుసుతో సిమెంటు నేల మీద నిలబడ్డ ఏనుగుల పాదాలు ముందే పగిలి, చీముపట్టి ఉంటాయి. కొత్త గాయమైతే మానడానికి నెలలు పడుతుంది.

మేత దగ్గర ఎక్కువమంది తప్పు చేసేది కట్లతోనే. చెరకు, పచ్చిజొన్న మోపులకు ఉన్న ప్లాస్టిక్ తాడు, ఇనుప తీగ పూర్తిగా తీసి, విడిగా ఒక బస్తాలో వేయండి. కడుపులోకి పోతే పేగుకు అడ్డంపడుతుంది. బూజు వాసన వచ్చిన మోపు పక్కన పెట్టేయండి. పండ్లు కడిగి కోయండి. పుచ్చకాయ, గుమ్మడికాయ, బొప్పాయి ఏ సైజులో కోయాలో ఆ ఏనుగు కీపరును అడగండి. పళ్లు లేని ముసలి ఏనుగు పెద్ద ముక్క గుటుక్కున మింగితే గొంతులో ఇరుక్కుంటుంది. ఏ ఏనుగుకు ఎంతో పలక మీద రాసుంటే అంతే పెట్టండి. పాపం అని ఒక బెల్లం ముద్ద ఎక్కువ వేయకండి. అందులో మందు దాచి ఉండవచ్చు, బరువు తగ్గించాల్సిన ఏనుగూ కావచ్చు.

మధ్యాహ్నం ఆటవస్తువులు తయారుచేయిస్తే అదే అన్నిటికన్నా సరదా పని. చిల్లులున్న డ్రమ్ములో గింజలు, ఎత్తున వేలాడే వలలో గడ్డి. దేనికోసమైనా ఏనుగు కాసేపు కష్టపడాలి. వేలాడదీయడానికి సన్నతాడు వాడకండి, తొండానికి చుట్టుకుంటుంది. పాత ఫైర్‌హోసు (మంటలార్పే నీళ్ల గొట్టం) పట్టీ మేలు. టైరైతే లోపలి ఉక్కు తీగ ఎక్కడైనా బయటికి పొడుచుకొచ్చిందేమో చేత్తో తడిమి చూడాలి.

కంచె లోపలికి కీపరు రమ్మంటే తప్ప వెళ్లకండి. గుడ్డి ఏనుగులుంటాయి, మాట వినిపిస్తూనే నడవండి. వెనక నుంచి నిశ్శబ్దంగా రావద్దు. ఫ్లాష్ ఆపేయండి. మగ ఏనుగు కణతల నుంచి జిగురు కారుతుంటే, మూత్రం చుక్కలు చుక్కలుగా పడుతుంటే అది మదంలో ఉంది. దాని ఆవరణ వైపు తట్ట, పార ఏదున్నా వదిలేసి వచ్చేయండి, తర్వాత కీపరు తెస్తాడు.