చలికాలంలో కాంపర్‌వ్యాన్‌లో పోర్చుగల్, దక్షిణ స్పెయిన్: తక్కువ ఖర్చుతో ఎలా తిరగాలి?

జులై, ఆగస్టుల్లో యూరప్‌లో కాంపర్‌వ్యాన్ (లోపలే పడక, పొయ్యి ఉన్న వ్యాన్) అద్దె ఆకాశాన్ని అంటుతుంది. నవంబరు నుంచి మార్చి వరకు అదే బండి చాలాసార్లు సగానికి దగ్గర్లో దొరుకుతుంది. అలా అని జనవరిలో జర్మనీలో బండి తీసుకుంటే అద్దెలో మిగిలింది హీటర్‌కీ క్యాంప్‌సైట్లకీ పోతుంది. పైగా డిసెంబరు చివర్లో బెర్లిన్‌లో పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు. అదే రోజుల్లో సెవిల్లాలో తొమ్మిదిన్నర గంటల వెలుతురు ఉంటుంది. చలికాలంలో డబ్బు మిగలాలంటే దక్షిణానికి వెళ్లాలి, తక్కువ దూరం తిరగాలి. కింద చెప్పేదంతా దీని మీదే నిలబడి ఉంటుంది.

1. దారి ముందు గీసుకోండి

బండి ఒక ఊళ్లో తీసుకుని ఇంకో ఊళ్లో అప్పగిస్తే అదనపు రుసుము పడుతుంది. అందుకే లిస్బన్‌లో మొదలుపెట్టి మళ్లీ లిస్బన్‌కే చేరండి: సాగ్రెస్, తావిరా, సెవిల్లా, రోండా, గ్రనడా, కార్దోబా, మెరిదా, ఎవోరా. అటూ ఇటూ తిరిగినవి కలిపి సుమారు 1,700 కిలోమీటర్లు. రెండు వారాలకు సరిపోతుంది. అంతకు మించి ఒక్క ఊరు కూడా చేర్చకండి.

జనవరి చివర, ఫిబ్రవరిలో వెళ్తే పోర్చుగల్ దక్షిణ తీరమైన అల్గార్వ్‌లో బాదం చెట్లు పూసి ఉంటాయి. సెవిల్లా వీధుల్లో చెట్ల నిండా నారింజలు వేలాడుతుంటాయి. ఆగస్టు ఎండలో వెళ్లినవాళ్లకు ఇవి కనిపించవు. టోల్ విషయంలోనూ ఈ దారి నయం. అల్గార్వ్‌లోని ఏ22 రహదారి మీద 2025 జనవరి 1 నుంచి టోల్ తీసేశారు. అక్కడి నుంచి సెవిల్లా వెళ్లే ఏ-49 మీద కూడా టోల్ లేదు.

2. వీసా, లైసెన్సు

భారత పాస్‌పోర్టుతో వెళ్తే షెంగెన్ వీసా (పోర్చుగల్, స్పెయిన్‌తో సహా చాలా యూరప్ దేశాలకు చెల్లే ఒకే వీసా) కావాలి. ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులకు మించి ఉండకూడదు. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో గడుపుతారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. రెండింట్లో సమానంగా ఉంటే మొదట అడుగుపెట్టే దేశానికి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. హోటల్ బుకింగ్ ఉండదు కదా అని టెన్షన్ వద్దు. బండి అద్దె కాగితం, కొన్ని క్యాంప్‌సైట్ల బుకింగులు, ఏ రాత్రి ఎక్కడ ఉంటారో రాసిన పట్టిక కలిపి పెట్టండి. జర్మనీ, నెదర్లాండ్స్ లాంటి షెంగెన్ దేశాల్లో రెసిడెన్స్ పర్మిట్ మీద ఉంటున్న మనవాళ్లకు ఈ పని ఉండదు. బ్రిటన్, ఐర్లాండ్‌లో ఉంటున్న భారత పౌరులకు మాత్రం వీసా కావాల్సిందే.

మన లైసెన్సుతో పాటు ఆర్టీవో ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. ఏడాది పాటు చెల్లుతుంది.

3. బండి బుక్ చేసేటప్పుడు అడగాల్సినవి

అద్దె కంటే ముందు హీటర్ గురించి అడగండి. ఇంజిన్ ఆపినా పనిచేసే డీజిల్ హీటర్ ఉన్న బండి రోజుకు ఐదు యూరోలు ఎక్కువైనా అదే తీసుకోండి. తర్వాత కిలోమీటర్ల పరిమితి, డిపాజిట్ ఎంత, అద్దం పగిలినా పైకప్పు గీసుకున్నా బీమా వర్తిస్తుందా అన్నవి రాతపూర్వకంగా తెలుసుకోండి. పైకప్పు చాలా బీమాల్లో ఉండదు. బండి ఎత్తు రాసిన చీటీ స్టీరింగ్ ఎదురుగా అంటించుకోండి. సముద్రపు ఒడ్డు పార్కింగుల్లో చాలాచోట్ల రెండు మీటర్లకే అడ్డుకడ్డీ ఉంటుంది.

బండి చేతికి రాగానే పైకప్పు, టైర్లు, నీళ్ల ట్యాంకు మూత అన్నీ వీడియో తీయండి. ఒకసారి తొందరపడి ఇది చేయకపోవడంతో పాత గీతకు నా డిపాజిట్‌లోంచి కోత పడింది.

4. రాత్రి ఎక్కడ ఆగాలి?

పార్క్‌ఫోర్‌నైట్ యాప్‌లో కాంపర్‌వ్యాన్ల కోసం కేటాయించిన స్థలాలు దొరుకుతాయి. స్పెయిన్‌లో వీటిని ఆరియా అంటారు. కొన్ని ఉచితం, ఎక్కువ వాటికి పది యూరోల చుట్టుపక్కల. క్యాంప్‌సైట్లకైతే ఏసీఎస్ఐ కార్డు ఉంటే సీజన్ కాని రోజుల్లో తగ్గింపు ధర వస్తుంది. వారానికి మూడు రాత్రులు క్యాంప్‌సైట్‌లో ఉండండి: వేడి నీళ్ల స్నానం, బట్టలు ఉతుక్కోవడం, కరెంటు.

చట్టం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. పోర్చుగల్‌లో 2021లో మార్చిన నిబంధన ప్రకారం ఒక మునిసిపాలిటీలో 48 గంటల వరకు బండిలో పడుకోవచ్చు. కానీ రక్షిత ప్రాంతాల్లో, తీరం వెంట అనుమతించిన చోట్ల తప్ప కుదరదు. సాగ్రెస్ చుట్టుపక్కల తీరం అంతా అలాంటిదే. స్పెయిన్‌లో బండి ఆపుకొని లోపల పడుకోవడం వేరు, బయట కుర్చీ వేసి పందిరి గుడ్డ చాపడం వేరు. రెండోది క్యాంపింగ్ కిందికి వస్తుంది, జరిమానా పడొచ్చు. హైవే పక్కన సర్వీస్ ఏరియాల్లో మాత్రం పడుకోవద్దు, దొంగతనాల భయం ఉంది.

చీకటి పడకముందే చేరండి. డిసెంబరులో లిస్బన్‌లో సాయంత్రం ఐదున్నరకల్లా సూర్యుడు ఉండడు.

5. గ్యాస్, కరెంటు, నీళ్లు

చాలామంది ఇబ్బంది పడేది ఇక్కడే. చిన్న వ్యాన్లలో ఉండే నీలం గ్యాస్ బండలో బ్యూటేన్ ఉంటుంది. అది సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది. గ్రనడాలో జనవరి రాత్రులు ఆ చలికి చేరతాయి. అక్కడ ఒక ఉదయం బండ నిండుగానే ఉంది, పొయ్యి మాత్రం వెలగలేదు. ఎండ పైకి వచ్చేదాకా కాఫీ లేకుండా కూర్చున్నాం. అప్పటి నుంచి చలి ఊరికి వెళ్లే ముందు రాత్రి ఫ్లాస్కులో వేడి నీళ్లు నింపి పెడుతున్నాను. పెద్ద వ్యాన్ అయితే ప్రొపేన్ బండ అడగండి. అది గడ్డకట్టే చలిలోనూ పనిచేస్తుంది.

క్యాంప్‌సైట్ కరెంటు చాలాచోట్ల ఆరు ఆంపియర్లే. అంటే 1,380 వాట్లు. మన ఇండక్షన్ స్టవ్ పూర్తి వేడిలో పెడితే ఫ్యూజు పడిపోతుంది. కెటిల్, హీటర్ ఒకేసారి పెట్టకండి.

గ్యాస్ పొయ్యి వెలిగించి బండి వెచ్చబరచడం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. అలారం ఉందో లేదో చూసుకోండి. పైకప్పు కిటికీ కాస్త తెరిచే పడుకోండి. లేకపోతే తెల్లారేసరికి అద్దాల మీద నీళ్లు కారి పరుపు తడుస్తుంది.

టాయిలెట్ క్యాసెట్ (బండి టాయిలెట్ కింద మలినం చేరే పెట్టె), వాడిన నీళ్లు కేటాయించిన చోటే ఖాళీ చేయండి. కాలువల్లో పోస్తే ఆ ఊరు తర్వాత వచ్చే వ్యాన్లన్నిటినీ తరిమేస్తుంది.

6. తిండి

చిన్న ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్లండి, గ్యాస్ సగానికి సగం ఆదా. కందిపొడి, కారప్పొడి, చింతపండు సరే. నెయ్యి, పాలతో చేసిన స్వీట్లు, మాంసం పచ్చళ్లు ఈయూ (యూరోపియన్ యూనియన్) దేశాల్లోకి తేకూడదు, విమానాశ్రయంలో తీసేస్తారు. కందిపప్పు, బాస్మతి లిస్బన్‌లో మార్టిం మొనీజ్ చుట్టుపక్కల దక్షిణాసియా దుకాణాల్లో దొరుకుతాయి. స్పెయిన్‌లో బయట తినాలనుకుంటే మధ్యాహ్నమే తినండి. "మెనూ దెల్ దియా" పేరుతో రెండు రకాలు, రొట్టె, చివర తీపి కలిపి ఒకే ధరకు పెడతారు. రాత్రి భోజనం ఖరీదు.

7. లెక్క

ఇద్దరికి, 14 రోజులకు నేను వేసుకునే లెక్క ఇది. అద్దె రోజుకు 60 యూరోల చొప్పున 840. వంద కిలోమీటర్లకు పది లీటర్ల డీజిల్, లీటరు 1.6 అనుకుంటే 272. ఆరు రాత్రులు క్యాంప్‌సైట్‌కు 22 చొప్పున, ఏడు రాత్రులు ఆరియాలకు పది చొప్పున కలిపి 202. తిండికి రోజుకు 20 చొప్పున 280. మొత్తం 1,600 యూరోలకు కాస్త తక్కువ. విమానం, వీసా, బీమా, గ్రనడాలోని అల్హంబ్రా కోట లాంటి చోట్ల టికెట్లు వేరు. అల్హంబ్రా టికెట్ చలికాలంలోనూ ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోండి. డీజిల్ సూపర్‌మార్కెట్ బంకుల్లో కొట్టించుకోండి, హైవే మీద కంటే చవక. బండి అప్పగించే ముందు ట్యాంకు నింపేది కూడా అక్కడే.