బడులు తెరిచేలోపు సైకిల్ టైర్లు మారుస్తున్నారా? కొనేముందు ఇవి చూడండి

• పాత టైరు పక్కన అచ్చుపోసిన అంకెలు ఫొటో తీసుకెళ్లండి. “26 అంగుళాలు” అంటే చాలదు. 26×1.75 టైరు 559 మి.మీ. రిమ్ముది, 26×1⅜ టైరు 590 మి.మీ. రిమ్ముది. పేరొకటే, ఒకదాని రిమ్ముకు ఇంకొకటి పట్టదు. 47-559 లాంటి సంఖ్యలో చివరి మూడంకెలు కలవాల్సిందే.

• రిమ్ము రంధ్రం సన్నదైతే మోటారు సైకిల్ రకం వాల్వు దూరదు. పాత ట్యూబు చూపించి కొనండి.

• రిమ్ము లోపలి పట్టీ చిరిగితే మార్చండి. స్పోకు కొన ట్యూబును పొడుస్తుంది.

• పాత టైరే ఉంచుతుంటే లోపలంతా గుడ్డతో తుడవండి. గుడ్డ ఎక్కడ పట్టుకుందో అక్కడ తుమ్మముల్లు ఉంటుంది. అది తీయకుండా కొత్త ట్యూబు వేస్తే పిల్లలు దారిలోనే దిగి నడవాలి, పాపం.