మలుపుల్లో మియాటా ఒరుగుతోందా? ఏ జబ్బుకి ఏ మందు

నాది 2001 మోడల్ మాజ్దా మియాటా, రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు, 1.8 లీటర్ల ఇంజిన్. టన్నుకి కాస్త పైన బరువు, నాలుగు చక్రాలకీ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ (ఒక్కో చక్రాన్ని పైనొకటి, కిందొకటి రెండు ఆర్మ్‌లు పట్టుకుంటాయి), అయినా డాలస్‌లో ఫ్రీవే ర్యాంపు ఎక్కితే పడవలా ఒక పక్కకి వాలిపోయేది. ఆటోక్రాస్‌లో (కోన్ల మధ్య కారు తిప్పే పోటీ) కలిసేవాళ్లు మొదట స్వే బార్ మార్చమన్నారు, అంటే మన దగ్గర యాంటీ రోల్ బార్ అంటామే, ఎడమ కుడి చక్రాల్ని కలిపి ఒరగకుండా పట్టే కడ్డీ, అదే. నేను వినలేదు. స్ప్రింగుల దగ్గర మొదలుపెట్టి డబ్బులు తగలేసుకున్నాను.

ఏదైనా కొనే ముందు ఒకటి తెలుసుకోండి. ఒరగడం తగ్గితే బయటి టైర్ల మీద పడే బరువు కూడా తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. దాదాపు ఏమీ తగ్గదు, ఎందుకంటే అది కారు బరువు, గరిమనాభి ఎత్తు, చక్రాల మధ్య వెడల్పు, మలుపు ఎంత వేగంగా తీసుకున్నారు అనేవాటి మీదే ఆధారపడుతుంది. బార్ చేసే పని రెండు రకాలు: ఒరిగే కోణాన్ని తగ్గిస్తుంది, ఆ బరువులో ముందు చక్రాల వాటా ఎంత, వెనక వాటి వాటా ఎంత అన్నది మారుస్తుంది. ఈ రెండోది మర్చిపోతేనే తంటా.

సమస్య: స్టీరింగ్ తిప్పగానే ధబాల్న ఒరిగి, నిటారుగా వచ్చాక ఇంకోసారి ఊగుతుంది.

ఇది షాక్ అబ్జార్బర్ల పని అయిపోయిన లక్షణం. బానెట్ మూల మీద గట్టిగా నొక్కి వదలండి, పైకొచ్చి ఆగిపోవాలి, ఊగుతూ ఉంటే షాక్ పోయినట్టే. షాక్ ఒంటి మీద నూనె తడి కనిపిస్తే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. కొత్తవి వేయండి, కానీ షాక్స్ ఒరిగే వేగాన్ని మాత్రమే పట్టుకుంటాయి, పొడవాటి ర్యాంపులో చివరికి ఎంత కోణంలో నిలబడుతుందన్నది వాటి చేతిలో లేదు.

సమస్య: ఊగడం లేదు, నెమ్మదిగానే ఒరుగుతుంది, కానీ బాగా ఒరుగుతుంది.

ఇక్కడే బార్ కావాలి. బార్ గట్టిదనం దాని మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది, అంటే 20 మిల్లీమీటర్ల బార్ తీసి 22 వేస్తే రెండు మిల్లీమీటర్లకే దాదాపు 46 శాతం గట్టిపడుతుంది (రెండూ లోపల బోలు లేనివైతే). కాబట్టి అన్నిటికన్నా లావుది కొనాలన్న ఆత్రం వద్దు. మొదట ముందు బార్ ఒక్కటే వేయండి. బిగించేటప్పుడు రెండు చక్రాలూ గాల్లో ఉండాలి లేదా రెండూ నేల మీద ఉండాలి, ఒకవైపే జాకీ ఎత్తితే బార్ మెలి తిరిగి లింక్ (బార్ చివరని సస్పెన్షన్‌కి కలిపే చిన్న కడ్డీ) రంధ్రంలోకి చచ్చినా దూరదు.

సమస్య: కిందికి దించే స్ప్రింగులు వేశాక ఇంకా అధ్వాన్నంగా ఉంది.

నాకు జరిగింది ఇదే. పాత షాక్స్ ఉంచేసి పొట్టి స్ప్రింగులు వేశాను, చూడ్డానికి భలే ఉంది, కానీ మలుపు మధ్యలో చిన్న గతుకు తగలగానే వెనక భాగం చటుక్కున పక్కకి జారింది. చెమటలు పట్టాయి. ఈ తరం మియాటాలో షాక్ కదలడానికి ఉండే చోటే తక్కువ, దించేసరికి అదీ పోయింది, బయటి చక్రం బంప్ స్టాప్ (షాక్ పూర్తిగా అణగకుండా ఆపే దిమ్మ) మీద కూర్చుంటే స్ప్రింగ్ ఒక్కసారిగా రాయిలా మారిపోతుంది. అనుమానం ఉంటే షాక్ రాడ్డుకి ఒక జిప్ టై బిగుతుగా చుట్టి కిందికి జరపండి, నాలుగు మలుపులు తిప్పి వచ్చి చూడండి. అది పైకి వెళ్లి బంప్ స్టాప్‌కి ఆనుకుని ఉంటే దొంగ దొరికినట్టే. పరిష్కారం, ఎత్తు మళ్లీ పెంచడం, లేదా ఆ ఎత్తుకి తగ్గట్టు చేసిన షాక్స్, స్ప్రింగుల సెట్టు కొనడం. నేను పెంచేశాను.

సమస్య: బార్ వేశాక ముందు చక్రాలు జారుతున్నాయి, లేదా లోపలి వెనక చక్రం ఊరికే తిరుగుతోంది.

మొదటిది ముందు బార్ ఎక్కువైతే, రెండోది వెనక బార్ ఎక్కువైతే. లింకుని బార్ చివరి రంధ్రంలోకి మార్చండి, అది మెత్తన, లోపలి రంధ్రం గట్టి. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రం ఊరికే తిరిగినా రెండోదానికి శక్తి అందించేది) లేకపోతే వెనక పాత బార్ ఉంచడమే మేలు.

సమస్య: అన్నీ కొత్తవే, అయినా కారు బిర్రుగా, కాస్త ఎత్తుగా నిలబడుతోంది.

మెకానిక్ చక్రాలు వేలాడుతుండగానే సస్పెన్షన్ ఆర్మ్‌ల బోల్టులు బిగించేసి ఉంటాడు. నా కారుకీ ఓ షెడ్డులో అలాగే చేసి పంపారు. ఆర్మ్ కీలు దగ్గరుండే రబ్బరు బుష్ బిగించిన భంగిమలోనే పట్టేసుకుంటుంది, కారు కిందికి దిగాక అది మెలితిరిగే ఉంటుంది, త్వరగా చిరుగుతుంది. ఆ బోల్టులు వదులు చేయండి, కారుని దాని చక్రాల మీదే నిలబెట్టి ముందుకీ వెనక్కీ కొంచెం దొర్లించండి, అప్పుడు టార్క్ రెంచ్‌తో బిగించండి. అలైన్‌మెంట్ దీని తర్వాతే, అప్పుడు డ్రైవర్ సీట్లో మీ అంత బరువు పెట్టమనండి. మా వాళ్లు రెండు ఉప్పు బస్తాలు పెట్టారు.