వైఫై లేని డెస్క్‌టాప్‌కి ఫోన్ నెట్

వైజాగ్‌లో గట్టిగా గాలివాన కొడితే స్తంభాల మీద వేలాడే బ్రాడ్‌బ్యాండ్ కేబుల్‌కి గ్యారంటీ లేదు. పాత డెస్క్‌టాప్‌లో వైఫై ఉండదు కాబట్టి హాట్‌స్పాట్ పెట్టినా లాభం లేదు. వైఫై అందుకునే డాంగిల్ కొనాలని పరుగెత్తకండి, ఆండ్రాయిడ్ ఫోనూ దాని కేబులూ చాలు.

సీపీయూ వెనక ఉన్న యూఎస్‌బీ పోర్టుకి ఫోన్ కలపండి. సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్, టెథరింగ్ అని ఉన్నచోట యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కేబుల్ ద్వారా కంప్యూటర్‌కి ఇచ్చేది) ఆన్ చేయండి. కేబుల్ పెట్టాక కూడా ఆ బటన్ మసగ్గానే ఉండి నొక్కుడు పడకపోతే, అనుమానం ముందు కేబుల్ మీదే. బజార్లో దొరికే చవక కేబుళ్లలో కొన్ని ఛార్జింగ్‌కి తప్ప డేటాకి పనికిరావు.

కనెక్ట్ అయ్యాక విండోస్ దీన్ని మామూలు ఈథర్‌నెట్ (కేబుల్ నెట్) అనుకుని అప్‌డేట్లు దించుకోవడం మొదలెడుతుంది. రోజుకు 2 జీబీ ప్యాక్ అయితే మధ్యాహ్నానికే హాంఫట్! అందుకే నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఈథర్‌నెట్ తెరిచి 'మీటర్డ్ కనెక్షన్' (డేటా పరిమితం అని విండోస్‌కి చెప్పేది) ఆన్ చేయండి, చాలామంది వదిలేసేది ఇదే.

సింహాచలం కొండ వారగా ఉండేవాళ్లకి ఇంట్లో సిగ్నల్ అందకపోతే పొడవాటి కేబుల్‌తో ఫోన్‌ని కిటికీ దగ్గర పెట్టి చూడండి. జల్లు కొట్టే వైపు మాత్రం వద్దు.