మనుషులు తరచూ వెళ్లలేని చోట ప్రకృతి వెబ్‌క్యామ్: ఏర్పాటు చేసే పద్ధతి

ఎవరూ నివసించని కొండ మీదనో, అడవి అంచునో, సరస్సు ఒడ్డునో ఒక కెమెరాను నిలిపి, అక్కడి వెలుగునూ మబ్బునూ రుతువుల మార్పునూ దూరాన ఉన్నవారికి రోజూ చూపించాలనుకునేవారు సాధారణంగా కెమెరా ఎంపికతో పని మొదలుపెడతారు. నా దృష్టిలో అది రెండో అడుగు. మొదట తేల్చుకోవలసింది ఎంతసేపటికొక చిత్రం కావాలన్న సంగతి. బ్యాటరీ ఎంత ఉండాలి, సోలార్ ప్యానెల్ ఎంత పెద్దది కావాలి, నెలకు ఎంత డేటా ఖర్చవుతుంది అనేవన్నీ ఆ ఒక్క నిర్ణయాన్ని బట్టే తేలతాయి.

సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున ఎడతెగకుండా వీడియో పంపితే రోజుకు 21 గిగాబైట్లకు పైగా, నెలకు సుమారు 650 గిగాబైట్లు అవుతుంది. అలా కాక, పగటి 12 గంటల్లో పది నిమిషాలకొక ఫొటో, ఒక్కొక్కటి 500 కిలోబైట్ల చొప్పున పంపితే రోజుకు 72 ఫొటోలు, అంటే 36 మెగాబైట్లు మాత్రమే; నెలంతా కలిపినా ఒక గిగాబైట్‌ను కొద్దిగా దాటుతుంది. మబ్బులు దిగడం, నీడలు జరగడం, మంచు కరగడం, చెట్లు చిగురించడం ఈ వ్యవధిలో చక్కగా కనిపిస్తాయి. ఆకుల రంగు మార్పును గమనించడానికి 2008లో అమెరికాలో మొదలైన ఫీనోక్యామ్ పరిశోధన వ్యవస్థ అరగంటకొక చిత్రంతోనే ఏళ్ల తరబడి విలువైన సమాచారాన్ని సేకరించింది. జలపాతం, అలలు, పక్షుల కదలిక వంటివి వీడియో కోరే మాట నిజమే కానీ, వాటికి కూడా రోజులో కొన్నిసార్లు పది సెకన్ల ముక్క పంపితే చాలాచోట్ల సరిపోతుంది.

విద్యుత్తు లెక్క కూడా ఇదే దారిలో నడుస్తుంది. కెమెరాకు 5 వాట్లు, మొబైల్ రూటర్‌కు 5 వాట్లు అనుకుంటే, రెండూ రాత్రింబవళ్లు పనిచేయడానికి రోజుకు 240 వాట్-గంటలు కావాలి. టైమర్ రిలే, అంటే నిర్ణీత వేళకు కరెంటును తానే కలిపి తెంచే చిన్న స్విచ్ పెట్టి, పది నిమిషాలకొకసారి మూడు నిమిషాల పాటు మాత్రమే వాటిని మేల్కొలిపితే పగలంతా కలిపి 36 వాట్-గంటలు సరిపోతాయి. టైమర్, ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్లే కరెంటును అదుపు చేసే ఛార్జ్ కంట్రోలర్ వాడుకునేది కూడా కలిపి 50 అనుకోవచ్చు. ఎండ లేని ఐదు రోజులు నెట్టుకురావాలంటే మొదటి పద్ధతికి 1,200 వాట్-గంటలు, రెండో పద్ధతికి 250 వాట్-గంటలు నిల్వ ఉండాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో ఎనభై శాతమే వాడతామనుకుంటే మొదటిదానికి 12.8 వోల్టుల 120 ఏహెచ్ (ఆంపియర్-గంటల) బ్యాటరీ అవసరమవుతుంది, రెండోదానికి 30 ఏహెచ్ చాలు. కొండ ఎక్కుతూ వీపు మీద మోయవలసిన బరువులోనే ఈ తేడా బాగా తెలుస్తుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ వాడితే సగానికి మించి ఖాళీ కానివ్వకూడదు కనుక ఇంకా పెద్దది తీసుకోవాలి. అయితే ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకన్నా తగ్గే చోట లిథియం బ్యాటరీని ఛార్జ్ చేస్తే అది లోపల పాడవుతుంది కాబట్టి, ఆ స్థితిలో ఛార్జింగ్‌ను తానే ఆపే రక్షణ ఉన్నదాన్నే ఎంచుకోవాలి.

ప్యానెల్‌ను వేసవి ఎండను చూసి కాక, ఏడాదిలో ఎండ అతి తక్కువగా ఉండే నెలను చూసి ఎంచుకోవాలి. ఆ నెలలో రోజుకు రెండున్నర గంటల నిండు ఎండకు సమానమైన వెలుగే దొరుకుతుందని, అందులోనూ ముప్పై శాతం నష్టపోతుందని లెక్కిస్తే, 50 వాట్-గంటల అవసరానికి 30 వాట్ల ప్యానెల్ బొటాబొటిగా సరిపోతుంది. ముసురు పట్టిన తర్వాత బ్యాటరీ మళ్లీ నిండాలి కనుక దానికి రెట్టింపు పెట్టడం మంచిది. ఇన్వర్టర్ మాత్రం వద్దు. 12 వోల్టులను 230కి పెంచి, మళ్లీ అడాప్టర్‌తో తగ్గించే క్రమంలో ఏ పనీ చేయని వేళల్లో కూడా అది బ్యాటరీని తింటూనే ఉంటుంది. 12 వోల్టుల నుంచి నేరుగా పనిచేసే రూటర్‌నూ, నెట్‌వర్క్ కేబుల్ ద్వారానే కరెంటు అందుకునే కెమెరా అయితే 12ను 48 వోల్టులకు పెంచే చిన్న పరికరాన్నీ వాడితే సరిపోతుంది.

ఇక చూపు ఎటు ఉండాలన్నది. ఉత్తరార్ధగోళంలో కెమెరా ఉత్తరం వైపు, దక్షిణార్ధగోళంలో దక్షిణం వైపు చూస్తే సూర్యుడు సాధారణంగా లెన్సుకు ఎదురుపడడు. ప్యానెల్ దీనికి సరిగ్గా వ్యతిరేక దిక్కున ఉండాలి. సూర్యోదయమే చూపించాలనుకుంటే తూర్పు తప్పదు, కానీ అప్పుడు ఉదయపు చిత్రాల్లో సగం తెల్లబారిపోవడానికి సిద్ధపడాలి. ఫ్రేములో ఆకాశం అయిదో వంతు నుంచి మూడో వంతు వరకు ఉంటే చాలు. అంతకు మించితే కెమెరా ఆకాశపు వెలుగుకు సర్దుకొని నేలను చీకటి చేస్తుంది. బజారులో ఎక్కువగా దొరికే 2.8 మిల్లీమీటర్ల లెన్సు వంద డిగ్రీలకు పైగా పట్టేస్తుంది కాబట్టి, కంటికి ఘనంగా కనిపించిన శిఖరం చిత్రంలో చిన్న మిట్టలా మిగులుతుంది. దూరపు కొండల కోసం 6 నుంచి 12 మిల్లీమీటర్ల లెన్సు తీసుకోవాలి. ఫోకస్‌ను చేతితో దూరానికి సరిచేసి అక్కడే బిగించాలి, లేకుంటే పొగమంచు వచ్చిన ప్రతిసారీ అది వెతుకులాడుతూ మసకబారుతుంది. వెలుగును బట్టి రంగులను సరిదిద్దే వైట్ బ్యాలెన్స్‌ను కూడా ఆటోలో వదలకుండా పగటి వెలుగుకు స్థిరపరచాలి. ఆటోలో ఉంటే సంధ్యాకాంతిలోని ఎరుపును కెమెరా లోపంగా భావించి దిద్దేస్తుంది. అది చాలా బాధాకరమైన నష్టం, పైగా రుతువుల రంగులను పోల్చి చూసే అవకాశం కూడా పోతుంది.

కెమెరాకు ఐపీ66 లేదా ఐపీ67 రక్షణ ఉండాలి; దుమ్ము, నీరు లోపలికి చొరబడకుండా ఎంత రక్షణ ఉందో చెప్పే గుర్తులివి. గుండ్రటి గాజు బుర్ర ఉన్న రకం కన్నా ముందుకు చూరు ఉన్న పొడవాటి రకమే మేలు, ఎందుకంటే బుర్ర మీద పడిన చినుకు ఎండేదాకా అక్కడే నిలుస్తుంది. వర్షపు నీరు బ్యాటరీ, రూటర్ ఉండే పెట్టెలోకి వచ్చేది చాలాసార్లు మూత నుంచి కాదు, కేబుల్ వెంట. పై నుంచి దిగిన కేబుల్ నేరుగా పెట్టెలోకి దూరితే బొట్టు దాని మీదుగానే జారి లోపలికి చేరుతుంది. అదే కేబుల్‌ను పెట్టె కన్నా ఒక జానెడు కిందికి వేలాడదీసి, మళ్లీ పైకి తిప్పి, పెట్టె అడుగు భాగంలోని గ్లాండ్ (కేబుల్ చుట్టూ బిగుసుకొని నీటిని ఆపే బిరడా) ద్వారా లోపలికి పంపితే, బొట్టు ఆ వంపు అడుగున ఆగి నేల మీద రాలిపోతుంది. లోపల తేమను పీల్చే సిలికా జెల్ సంచి ఒకటి ఉంచాలి. రాత్రిపూట వెలిగే ఇన్‌ఫ్రారెడ్ దీపాలను ఆపేయాలి: అవి దూరపు కొండను వెలిగించలేవు, పురుగులను రప్పిస్తాయి, పురుగుల కోసం సాలీడు లెన్సు ముందే గూడు కడుతుంది, ఆ దారాలు తెల్లటి మోకుల్లా దృశ్యానికి అడ్డుపడతాయి. కెమెరాను నిలిపే స్తంభానికి మూడు వైపులా లాగి కట్టిన తీగలు, పిడుగుల కోసం ఎర్తింగ్, హఠాత్తుగా ఎగసే వోల్టేజీని అడ్డుకునే సర్జ్ అరెస్టర్ తప్పనిసరి.

సిగ్నల్ బలాన్ని స్తంభం నాటకముందే, అదే ఎత్తులో పరీక్షించాలి. మొబైల్ నెట్‌వర్కులు చాలావరకు సొంత పబ్లిక్ ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో బయటి నుంచి నేరుగా చేరగల చిరునామా) ఇవ్వవు కనుక బయటి నుంచి కెమెరాలోకి వెళ్లి ఫొటో తెచ్చుకోవడం కుదరదు. కెమెరాయే ఎస్‌ఎఫ్‌టీపీ వంటి భద్రమైన మార్గంలో సర్వర్‌కు పంపేలా అమర్చాలి. పంపలేకపోయిన ఫొటోలు మెమరీ కార్డులో నిలిచి, సిగ్నల్ వచ్చాక వెళ్లాలి. రూటర్ బిగుసుకుపోతే మళ్లీ లేపడానికి అక్కడ మనిషి ఉండడు కాబట్టి, టైమర్ ప్రతిసారీ కరెంటు తీసి ఇచ్చే పద్ధతి ఇక్కడ అదనపు రక్షణ అవుతుంది. నిరంతరం నడిచే ఏర్పాటులో మాత్రం రోజుకొకసారి రీస్టార్ట్ చేసే ఏర్పాటు విడిగా ఉండాలి. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ను మొదటి రోజే మార్చాలి.

స్థలం ఎవరి అధీనంలో ఉందో వారి అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. ఇళ్లు, స్నానఘట్టాలు, నడకదారులు ఫ్రేములోకి రానివ్వకూడదు. అరుదైన పక్షుల గూళ్లు, జంతువుల నీటి మడుగులు కనిపించే చోటైతే కచ్చితమైన స్థానాన్ని వెల్లడించకపోవడం మన బాధ్యత.

తీసుకెళ్లే ముందు మొత్తం సామగ్రిని ఇంటి ఆవరణలోనే, ప్యానెల్‌తో సహా, కనీసం రెండు వారాలు నడిపి చూడాలి. ఆ రోజుల్లో ప్రతి ఫొటోతో పాటు బ్యాటరీ వోల్టేజీ కూడా సర్వర్‌కు చేరేలా అమర్చుకుంటే, ముసురు రోజుల్లో అది ఎంత పడుతోందో, ఎండ రాగానే ఎంతసేపట్లో కోలుకుంటోందో తెలుస్తుంది. రోజురోజుకూ ఉదయపు వోల్టేజీ కొద్దికొద్దిగా తగ్గుతూ పోతుంటే ప్యానెల్ చాలదని అర్థం. అప్పుడు ప్యానెల్‌ను పెంచాలి, లేదా పది నిమిషాల వ్యవధిని ఇరవైకి మార్చాలి.