లోడు మీద ఆగిపోతున్న పాత ట్రాక్టరు: డీజిల్ పంపు విప్పే ముందు చూడాల్సినవి

లక్షణం ఇలా ఉంటుంది. పొద్దున బండి స్టార్ట్ అవుతుంది, ఖాళీగా తిరిగితే ఏ గొడవా లేదు. రోటవేటర్ దించి పావుగంట దున్నేసరికి రేసు పడిపోతుంది, రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది. ఎయిర్ తీస్తే, అంటే డీజిల్ లైనులో చేరిన గాలిని వదిలేస్తే, మళ్లీ నడుస్తుంది. కాసేపటికి మళ్లీ అంతే.

వెంటనే "పంపు పోయింది" అని, అంటే ఇంజను సిలిండర్లకు ప్రెషర్‌తో డీజిల్ కొట్టే డీజిల్ పంపు చెడిపోయిందని తీర్మానించి, దాన్ని గోనెసంచిలో చుట్టి టౌనుకు పట్టుకెళ్తారు. లోపల డీజిల్‌ను నెట్టే ఎలిమెంట్లు మారతాయి, డీజిల్ కొలత సరిచేసే కాలిబ్రేషన్ అవుతుంది, వేలల్లో బిల్లవుతుంది. తెచ్చి బిగించాక కూడా బండి అదే పావుగంటకు ఆగుతుంది.

ఫిల్టర్లు మార్చి, ట్యాంకు అడుగున నీళ్లు వదిలేశారనే అనుకుంటున్నాను. లేదంటే ముందు ఆ పని కానివ్వండి.

మొదట ట్యాంకు మూత. బండి ఆగిన వెంటనే మూత తిప్పండి. ఉస్సుమని గాలి లోపలికి పీల్చుకుంటే మూతకున్న గాలి రంధ్రం దుమ్ముతో పూడుకుపోయినట్టే. సన్న తీగతో పొడిచి, కడిగితే చాలు. ఇంత చిన్న పనని ఎవరూ చూడరు, అదే చిరాకు.

మూత బాగానే ఉంటే అసలు దొంగ దగ్గరికి వద్దాం. ట్యాంకుకూ, అందులోంచి డీజిల్ లాగి డీజిల్ పంపుకు అందించే ఫీడ్ పంపుకూ మధ్య ఎక్కడో గాలి లోపలికి దూరుతుంటుంది. బయట చుక్క తడి కూడా కనబడదు కాబట్టి మెకానిక్‌లు సైతం ఇక్కడే బోల్తా పడతారు. ఫీడ్ పంపు తర్వాత పైపుల్లో ప్రెషర్ ఉంటుంది, లీకైతే డీజిల్ బయటికి కారుతుంది. దానికి ముందు, ట్యాంకు వైపు మాత్రం ఫీడ్ పంపు లాగుతూ ఉంటుంది, అక్కడ సందుంటే గాలే లోపలికి పోతుంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు బాగా నడిచి, సగానికి దిగాక మొరాయిస్తోందంటే అనుమానం ఇటే పెట్టుకోండి. ట్యాంకు కుళాయి లోపలి జాలి సగం పూడుకుపోతే పంపు ఇంకా గట్టిగా లాగుతుంది, అప్పటిదాకా ఊరుకున్న జాయింటు కూడా గాలి తీస్తుంది.

తేల్చుకోవడానికి ఐదు లీటర్ల డబ్బా, పారదర్శకమైన డీజిల్ పైపు చాలు. డబ్బాను ఫీడ్ పంపు కంటే ఎత్తులో, సైలెన్సర్‌కు దూరంగా గట్టిగా కట్టి, పైపును నేరుగా ఫీడ్ పంపు ఇన్‌లెట్‌కు తగిలించండి. ఎయిర్ తీసి అదే లోడు మీద నడపండి. ఆగకుండా నడిస్తే డీజిల్ పంపు తప్పేమీ లేదు, ట్యాంకు వైపు లైనులోనే తేడా. అప్పటికీ ఆగితే ఫీడ్ పంపు వాల్వులు, స్ప్రింగులు చూడండి.

లైనులో వెతకాల్సిన చోట్లు తక్కువే. ఎయిర్ తీయడానికి ఫీడ్ పంపు మీద చేత్తో కొట్టే ప్రైమర్ పిడిని కిందికి నొక్కి పూర్తిగా బిగించారా? దాని లోపలి వాషర్ అరిగినా గాలి పోతుంది. జాలి గిన్నె గాస్కెట్ చూడండి. రబ్బరు పైపును క్లిప్పు తీసి చూడాలి, పగులు క్లిప్పు కిందే దాక్కుంటుంది. పైపు చివర్లను బిగించే బోలు బోల్టుల (బాంజో బోల్టుల) వాషర్లు కొత్తవి వేయండి. అవి దొరకకపోతే పాత రాగి వాషర్‌ను ఎర్రగా కాల్చి చల్లార్చి, నున్నగా రుద్ది వేయొచ్చు. అల్యూమినియంతో ఆ పని చేయొద్దు, కరిగిపోతుంది. కారకపోయినా వాషర్ మార్చాల్సిందే. పాతదాన్నే ఇంకా బిగిస్తూ పోతే బోల్టు తెగుతుంది.

ఒక సిలిండర్ మిస్ కొడుతుంటే, అంటే అందులో డీజిల్ సరిగా మండకపోతుంటే, విషయం వేరు. ఐడిలింగ్‌లో, సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ పైపు నట్లు ఒక్కోటే కాస్త వదులు చేయండి. ఏది వదిలినా శబ్దం మారలేదో అదే సిలిండర్. ఎగజిమ్మే డీజిల్‌కు వేలు అడ్డం పెట్టొద్దు, చర్మంలోకి దిగిపోతుంది. ఆ నాజిల్‌ను పక్క సిలిండర్‌కు మార్చండి. మిస్ దానితోపాటు వెళ్తే తప్పు నాజిల్‌ది. అక్కడే ఉండిపోతే ముందు కంప్రెషన్ చూసి, తర్వాత డీజిల్ పంపులో ఆ సిలిండర్‌కు డీజిల్ వదిలే డెలివరీ వాల్వు మీదికి వెళ్లండి.

రేసును అదుపులో ఉంచే గవర్నర్ స్ప్రింగు విరగడం, డీజిల్ పంపు క్యామ్‌షాఫ్ట్ పోవడం అరుదు. వాటితో మొదలుపెట్టకండి.

డీజిల్ పంపుకు విడిగా ఆయిలుండే రకమైతే, డిప్‌స్టిక్ మీద ఆ మట్టం పెరుగుతూ డీజిల్ వాసన కొడితే అప్పుడు నిజంగానే పంపు షాపు పని. విప్పే ముందు పంపు ఫ్లాంజి మీదా, అది కూర్చునే ప్లేటు మీదా కలిపి ఉలితో ఒక గీత గీయండి. తిరిగి బిగించేటప్పుడు ఆ గీత కలవకపోతే టైమింగ్ తప్పుతుంది.